నో డౌట్స్ సర్టిఫికెట్

ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చివరి సంవత్సరం విద్యార్థిని దారా సలోమి తన పరిశోధన మీద సెమినార్ ఇవ్వడానికి ముందు, అందరిలాగే, తన సందేహాలన్నిటినీ తుమ్మి పదకొండో కౌంటరులో అప్పగించాలి. అప్పగించినవారికి అక్కడ నో డౌట్స్ సర్టిఫికెట్ ఇస్తారు. అది జతచేయని దరఖాస్తును విభాగం తీసుకోదు.

ఈ సర్టిఫికెట్ పుట్టి ఇరవై రెండేళ్ళయింది. అంతకు ముందు లైబ్రరీ పుస్తకాలూ ప్రయోగశాల గాజు సామానూ తిరిగి ఇచ్చేసినట్టు నో డ్యూస్ సర్టిఫికెట్ తెస్తే సరిపోయేది. ఒక ఏడాది సర్క్యులర్ టైపు చేసిన ఉద్యోగి డ్యూస్ అని కొట్టవలసిన చోట డౌట్స్ అని కొట్టాడు. రిజిస్ట్రారు సంతకం పెట్టాడు. సంతకం పడ్డాక అది తప్పు కావడానికి వీల్లేదు కాబట్టి, పరిపాలనా భవనంలో ఉన్న పది కౌంటర్ల పక్కన పదకొండోది కట్టించారు. అది టైపు పొరపాటేమోనని ఇద్దరు లెక్చరర్లకు సందేహం వచ్చింది. కొత్త కౌంటరులో మొట్టమొదట తుమ్మినవాళ్ళు ఆ ఇద్దరే.

పద్ధతి సులువు. విద్యార్థి తన సందేహాలను అనుబంధం-3 అనే కాగితంలో వరుసగా రాసి తీసుకువెళ్తాడు. ఎత్తు స్టూలు మీద కూర్చుని మొదటి సందేహాన్ని పైకి చదువుతాడు. విశ్వవిద్యాలయం సరఫరా చేసిన ముక్కుపొడి చిటికెడు పీలుస్తాడు. తుమ్ము వస్తుంది. తుమ్ముతో పాటు సందేహం కూడా వచ్చి స్టీలు పళ్ళెంలో టింగుమని పడుతుంది. చిన్నవి ఆవగింజంత ఉంటాయి, పెద్దవి చింతగింజంత. ప్రతి తుమ్ముకూ కౌంటరు ఉద్యోగి "నూరేళ్ళు" అనాలని నిబంధన. అన్నీ రాలాక గింజలను గుడ్డసంచిలో మూటకట్టి, చీటీ అంటించి, వెనకగదిలోని జాడీల్లో వేస్తారు. టైమెంత, కూరేం చేశారు, బస్సు వెళ్ళిపోయిందా వంటివి సందేహాల కిందకు రావని నియమావళి తొమ్మిదో పేజీలో ఉంది. అందువల్ల సర్టిఫికెట్ పొందినవారి రోజువారీ బతుక్కి ఏ ఆటంకమూ ఉండదు.

జాడీలకు తడి తగలకుండా చూసుకోవాలి. ఒకసారి తుపానుకు వెనకగది కప్పు కారి అయిదేళ్ళ సందేహాలు మొలకెత్తాయి. తీగలు కిటికీలోంచి బయటపడి మూడో అంతస్తు దాకా పాకాయి. ఆ వారం మూడో అంతస్తు ఉద్యోగులు సంతకం పెట్టబోయే ముందు ఫైళ్ళు చదువుతున్నారని ఫిర్యాదులు వచ్చాయి. తోటమాలి చేత తీగలు కోయించి, గోడకు సున్నం కొట్టించాక అంతా సర్దుకుంది.

సలోమి పరిశోధన గిజిగాళ్ళ మీద. విశ్వవిద్యాలయం వెనక కాలవ గట్టున తాటిచెట్లకు నలభై ఒక్క గూళ్ళు వేలాడుతుండేవి. మగపక్షి గూడు సగం దాకా అల్లి ఆగుతుంది. ఆడపక్షి వచ్చి లోపలా బయటా చూసుకుంటుంది. నచ్చితే మగపక్షి మిగతాది పూర్తి చేస్తుంది. నచ్చకపోతే దాన్ని అలాగే వదిలేసి మరొకటి మొదలుపెడుతుంది. సలోమి వానాకాలమంతా గొడుగు వేసుకుని గట్టు మీద కూర్చుని రాసుకున్నదీ ఇదే, పుస్తకాల్లో ఉన్నదీ ఇదే. ఇరవై మూడో గూడు ఒక్కటే లెక్కకు రాలేదు.

ఆ సగం గూటికి ఏ ఆడపక్షీ రాలేదు. కాలం అయిపోయి, మిగతా గిజిగాళ్ళన్నీ గుంపుగా వరిచేల మీదికి వెళ్ళిపోయాయి. అది అల్లిన పక్షి మాత్రం రోజూ సాయంత్రం అయిదుంబావుకు ఒక గడ్డిపోచ తెచ్చేది. ఊడిన చోట దాన్ని దూర్చి, గూటి అంచున కాసేపు కూర్చుని, చీకటి పడకముందే వెళ్ళిపోయేది. సలోమి దాన్ని నలభై మూడు సాయంత్రాలు చూసింది. అనుబంధం-3లో ఏడో వరుసలో ఇలా రాసింది: ఎవరూ రాని గూటికి ఆ పక్షి రోజూ ఎందుకు వస్తోంది?

మంగళవారం ఆమె కౌంటరుకు వెళ్ళింది. సెమినార్ శుక్రవారం. మొదటి ఆరూ పది నిమిషాల్లో రాలిపోయాయి. గ్రాఫులో అడ్డగీత మీద ఏం పెట్టాలన్నది ఆవగింజంత వచ్చింది. జంతుశాస్త్రం బదులు నర్సింగు చదవాల్సిందేమో అన్నది కాస్త పెద్దదే వచ్చింది. అది పడ్డాక ఆమెకు మెడనొప్పి కూడా తగ్గింది. ఏడోది చదివి ముక్కుపొడి పీల్చింది. తుమ్మింది. పళ్ళెంలో ఏమీ పడలేదు.

"నూరేళ్ళు," అంది కౌంటరులోని సీనియర్ అసిస్టెంటు మస్తానమ్మ. పళ్ళెం వంచి చూసింది. "ఉట్టి తుమ్మే. ఇంకో చిటికె పీల్చమ్మే."

సలోమి పీల్చింది. మళ్ళీ తుమ్మింది.

"నూరేళ్ళు. ఇదీ ఉట్టిదే."

"జలుబేమో మేడం."

"జలుబు తుమ్ము నాకు తెలవదా? పంతొమ్మిదేళ్ళ నుంచీ ముక్కులే చూస్తన్నా. పొయ్యి రేపు రా. మూడు దినాలు అవకాశం. మూడో దినం కూడా పడకపోతే సెమినార్ వచ్చే ఏడాదికి పోద్ది, చూసుకో మరి."

ఈలోగా సెమినార్ తయారీ ఆగలేదు. ఆమె గైడు ప్రొఫెసర్ వేదాచలం స్లయిడ్లు చూసి సంతోషించారు. మొట్టమొదట తుమ్మిన ఇద్దరు లెక్చరర్లలో ఆయన ఒకరు. ఆ రోజు నుంచీ ఆయనకు రక్తపోటు లేదు. సెమినార్‌కు ఇచ్చే సమయం పన్నెండు నిమిషాలు. వేదిక మీది పెద్దల పేర్లు, వారి పదవులు, వారికి గతంలో ఉన్న పదవులు చదవడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఈ సదవకాశం కల్పించినందుకు కృతజ్ఞతలకు మూడు నిమిషాలు. మిగిలిన అయిదు నిమిషాల్లో పరిచయం, పద్ధతి, ఫలితాలు, ముగింపు సర్దుకోవాలి. ఫలితాల పట్టిక దగ్గర మాత్రం ఆయన పెన్సిలు తీశారు.

"అమ్మా సలోమీ, ఈ ఇరవై మూడో గూడు తీసేద్దాం. నలభై ఒకటి కంటే నలభై అంటే వినడానికి నిండుగా ఉంటుంది."

"సర్, ఆ పక్షి ఇంకా వస్తోంది సర్."

"రానివ్వమ్మా, మనం వద్దన్నామా? స్లయిడులోకి రాకుండా ఉంటే చాలు."

బుధవారం కౌంటరులో అయిదు ఉట్టి తుమ్ములు తుమ్మి వచ్చి, సలోమి హాస్టలు డాబా మీద నీళ్ళట్యాంకు ఎదురుగా నిలబడి ప్రాక్టీసు చేసింది. క్లాస్‌మేట్ పెంచల ప్రసాద్ పిట్టగోడ మీద కూర్చుని ఫోనులో టైము చూశాడు. అతని సెమినార్ కిందటి వారమే అయిపోయింది.

"పన్నెండు నిమిషాల ఇరవై సెకన్లు," అన్నాడు. "వైస్ ఛాన్సలర్ గారి కాడ కొంచెం తొందరగా ఊపిరి తీసుకో. ఆ సర్టిఫికెట్ సంగతేంది మే?"

"పడలేదు రా."

"దానికంత మొహం వేలాడేసుకునేదేంది? గట్టిగా తుమ్మెయ్."

"అది పోతే ఇంక నేను చెప్పేదేముంది?"

"నలభై గూళ్ళున్నాయి గదా."

"ఆ నలభై సంగతీ పుస్తకంలోనే ఉంది. నేను వానలో కూర్చోకపోయినా ఉండేది." సలోమి స్లయిడ్ల కాగితాలు మడిచింది. "నాకు చప్పట్లొద్దు రా. ఆ హాల్లో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు లేచి ఎందుకు వస్తోంది అని అడిగితే చాలు. ఆ తర్వాత ఇద్దరం కలిసి ఆలోచిస్తాం. ఇప్పుడు నేనొక్కదాన్నే ఆలోచిస్తున్నా."

"నాకు మూడే పడినాయి," అన్నాడు ప్రసాద్. "రెండు మెస్సులో సాంబారు గురించి. మూడోది నా చేప గురించే అనుకుంటా. గుర్తు లేదు. హాయిగా ఉండాది మే. ఇంకో గరిటె అన్నం ఎక్కువ తింటన్నా."

"ఆ చేప పొలుసుల మీద నీకేదో తేలింది కదా, చివర్లో?"

"ఆఁ, తేలింది. చేపలకి పొలుసులుంటాయ్," అన్నాడు ప్రసాద్ నిండు సంతోషంతో.

గురువారం సలోమి మూడోసారి స్టూలెక్కింది. మస్తానమ్మ ముక్కుపొడి డబ్బా ముందుకు తోసింది. ఒకటి, రెండు, మూడు. పళ్ళెం తళతళలాడుతూనే ఉంది. నాలుగో చిటికెకు చెయ్యి చాచబోతే మస్తానమ్మ డబ్బా మూత పెట్టేసింది.

"నువ్వు ఇయ్యదల్చుకోలా. నీ ముక్కుకి తెలిసిపోయింది. డబ్బా అంతా పీల్చినా రాదిక."

"రేపే మేడం సెమినార్. అదీ వదులుకోలేను, ఇదీ వదులుకోలేను."

"అందరూ అదే అంటారు. గంటాగి ఏదో ఒకటి వదిలేస్తారు."

"నేను వదల్ను మేడం," అంది సలోమి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయితే అవి ముక్కుపొడి వల్ల కూడా తిరుగుతాయి కాబట్టి నిబంధనల ప్రకారం వాటిని పరిగణనలోకి తీసుకోరు.

మస్తానమ్మ అనుబంధం-3ను తన వైపు తిప్పుకుంది. ఏడో వరుస మీద వేలు పెట్టి చదివింది. పెన్ను మూత తీసింది.

"ఇక్కడ ఎందుకు అని రాసినావు. ఎందుకు అంటే సందేహం. ఇక్కడ పెట్టి పోవాల్సిందే. దీనికొక ఓకారం తగిలించినామనుకో." తగిలించింది. చివరి ప్రశ్నార్థకాన్ని కొట్టేసి చుక్క పెట్టింది. "ఇప్పుడు చదువు."

"ఎవరూ రాని గూటికి ఆ పక్షి రోజూ ఎందుకో వస్తోంది."

"అంతే. ఇప్పుడిది సందేహం కాదు, సమాచారం. సమాచారానికి తుమ్మక్కర్లా."

సలోమి ఆ వాక్యాన్ని మళ్ళీ చదువుకుంది. వెతికి చూస్తే పోయిందేమీ లేదు. గూడు ఉంది, పక్షి ఉంది. గంప కింద కప్పెట్టిన కోడిలాగా ఓకారం కింద ఎందుకు కూడా భద్రంగానే ఉంది. రేపు హాల్లో ఎవరైనా చెయ్యి పెట్టి ఆ గంప ఎత్తితే చాలు.

"లోపలది చచ్చిపోదా మేడం?"

"ఈ సీట్లోకి వచ్చిన రోజు నాదీ ఇట్నే రాసుకున్నా," అంది మస్తానమ్మ స్టాంపును ప్యాడ్ మీద అద్దుతూ. "మా పెద్దోడు ఎందుకో పొయినాడు, అని. పంతొమ్మిదేళ్ళయింది. ఎవురూ ఏమీ అడగలా. ఇదిగో, ఇక్కడ సంతకం చెయ్. అవతల జనం ఉండారు."

సలోమి సంతకం చేసింది. మస్తానమ్మ స్టాంపు వేసి, సర్టిఫికెట్ చేతికిచ్చి, కిటికీలోంచి తల బయటపెట్టి, "టోకెన్ నలభై ఆరు!" అని కేకేసింది.

శుక్రవారం సెమినార్ హాలు నిండింది. నూట ఇరవై ఎనిమిది మంది వచ్చారు. మరో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన నిపుణుడికి శాలువా కప్పారు. ఆయన దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. ఫొటో సరిగ్గా రాలేదని మళ్ళీ కప్పారు. దీపం మూడో అగ్గిపుల్లకు వెలిగింది. సలోమి పెద్దల పేర్లన్నీ తడబడకుండా చదివింది. వైస్ ఛాన్సలర్ గారి దగ్గర తొందరగానే ఊపిరి తీసుకుంది. నలభై గూళ్ళ పట్టిక చూపించింది. వేదాచలం గారు కళ్ళు మూసుకుని తలాడించారు.

ఆ తర్వాత ఆమె, ఎవరికీ చూపించని ఒక స్లయిడు పెట్టింది. అందులో ఖాళీ సగం గూడు, దాని అంచున ఒక పక్షి ఉన్నాయి.

"ఇరవై మూడో గూటికి ఎవరూ రాలేదు," అంది సలోమి. "కాలం అయిపోయింది. అయినా ఆ పక్షి రోజూ ఎందుకో వస్తోంది."

అని ఆగింది. ఆమె అనుకున్న చోటే ఆగింది.

విభాగాధిపతి లేచి, పద్ధతి ప్రకారం, "ఎనీ డౌట్స్?" అన్నారు. ఈ మాట తర్వాత ముప్పై సెకన్లు మౌనం పాటించాలి. దాన్ని చర్చ అంటారు. సెమినార్ నివేదికలో "అర్థవంతమైన చర్చ జరిగింది" అని రాసేది దీని గురించే. అసిస్టెంట్ రిజిస్ట్రారు గంట పట్టుకుని గడియారం చూస్తున్నాడు.

అయిదు సెకన్లు గడిచాయి. ముందు వరసల్లో అందరికీ సర్టిఫికెట్లున్నాయి. ఎవరి ముఖంలోనూ చికాకు లేదు. సలోమి వాళ్ళను దాటి, ఇంకా తుమ్మని మొదటి సంవత్సరం వాళ్ళు కూర్చున్న చివరి వరసను చూసింది. పన్నెండు సెకన్లకు అక్కడ ఒకమ్మాయి చెయ్యి చెవి దాకా లేచింది. సలోమి మైకు పట్టుకుంది. పక్కనున్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ చెయ్యి జడలో పిన్ను సర్దుకుని దిగిపోయింది.

ఇరవై రెండో సెకనులో బయటి నిపుణుడు మైకు దగ్గరకు లాక్కున్నారు. సలోమి ఆయన వైపు తిరిగింది.

"ఎందుకో," అన్నారాయన. ఆ మాటను నోట్లో ఓసారి తిప్పుకున్నారు, వక్కపలుకులా. "ఎందుకో వస్తోంది. ఆహా. ఎంత నిండుగా ఉందండీ వాక్యం! ఇంకేమీ అడగడానికి లేదు."

గంట కొట్టారు. నూట ఇరవై ఎనిమిది మందీ చప్పట్లు చరిచారు. అందరికంటే ఎక్కువసేపు కొట్టినవాడు ప్రసాద్.

నిపుణుడి నివేదిక నెల తిరక్కుండా వచ్చింది. పరిశోధనల్లో ముగింపు అధ్యాయం రాయలేక విద్యార్థులు పడుతున్న బాధను ఈ అమ్మాయి ఒక్క అక్షరంతో తీర్చిందని ఆయన మెచ్చుకున్నారు. సలోమికి పతకం వచ్చింది. విద్యామండలి కూర్చుని కొత్త సర్క్యులర్ ఇచ్చింది. ఇక మీదట ఎవరూ కౌంటరుకు వచ్చి తుమ్మనక్కర్లేదు. ఎవరి సందేహానికి వారు ఇంటి దగ్గరే ఓకారం తగిలించుకుని, తగిలించినట్టు సంతకం చేసి ఇస్తే చాలు. ముక్కుపొడి సరఫరా ఆపేశారు. మస్తానమ్మకు పదవీ విరమణ సభ జరిపారు. పదకొండో కౌంటరులో జిరాక్సు మిషను పెట్టారు.

కొత్త పద్ధతి అందరికీ నచ్చింది. నోటీసు బోర్డులో కాగితాలు కూడా అలాగే రావడం మొదలైంది. హాస్టల్లో నీళ్ళు ఎందుకో రావడం లేదు. పరీక్షా ఫలితాలు ఎప్పుడో ఇస్తారు. ఆడపిల్లల కోసం మంజూరైన బస్సు ఎక్కడో ఉంది. పాత ప్రయోగశాల కప్పు ఎలాగో నిలబడి ఉంది, విద్యార్థులు దాని కిందే కూర్చోవాలి. చదివినవాళ్ళు తలాడించి క్లాసులకు వెళ్ళిపోయేవాళ్ళు. అన్ని వివరాలూ కాగితంలోనే ఉంటే ఇక ఆఫీసుకు వెళ్ళి అడిగేదేముంటుంది?

సలోమికి అదే విభాగంలో ఉద్యోగమిచ్చారు. మొదటి కొన్ని నెలలు ఆమె సాయంత్రాలు గది తలుపు వేసుకుని, ఓకారం తీసేసి, ఆ వాక్యాన్ని మెల్లగా పైకి అనేది. ఛాతీలో ఏదో రెక్క విదిల్చినట్టుండేది. హమ్మయ్య, ఉంది, అనుకుని మళ్ళీ ఓకారం తగిలించి ఇంటికి వెళ్ళేది. తర్వాత పేపర్లు దిద్దే పని వచ్చింది, ఆ తర్వాత పరీక్షల డ్యూటీ. వారానికొకసారి అనుకునేది, పండగలకు అనుకునేది. ఒకరోజు గుర్తొచ్చి ఓకారం తీసి అందామంటే నాలుక తిరగలేదు. దానివల్ల ఆమెకు ఇబ్బందేమీ కలగలేదు. ఆకలి బాగానే వేసింది.

ఆ ఏడాది మొదటి సంవత్సరం క్లాసులో కొత్తగా చేరిన ఒకమ్మాయి పాఠం మధ్యలో లేచి నిలబడింది.

"మేడం, ఇది ఇట్టా ఎందుకు జరుగుతాది?"

సలోమికి కోపం రాలేదు. ఆమె ఎవరి మీదా ఎప్పుడూ కోప్పడదని విభాగంలో మంచి పేరు. నవ్వుతూ సుద్దముక్క తీసుకుని బోర్డు మీద 'ఎందుకు' అని రాసింది. దాని చివర ఓకారం దిద్ది, చుట్టూ సున్నా చుట్టింది.

"మాట మధ్యలో ఆపకూడదమ్మా, పూర్తి చెయ్యాలి. మళ్ళీ చెప్పు."

"ఇది ఇట్టా ఎందుకో జరుగుతాది," అంది ఆ అమ్మాయి.

"చూశావా, నీకే తెలుసు. కూర్చో."

ఆమె కూర్చుంది. క్లాసంతా ఆ వాక్యాన్ని రెండుసార్లు పైకి చెప్పి నోట్సులో రాసుకుంది. ఆ రోజు పాఠం గంట కొట్టడానికి పది నిమిషాల ముందే అయిపోయింది. విద్యార్థులు ఎందుకో చప్పట్లు కొట్టారు.